బడిలో ప్రకృతిశాస్త్రము: వినికిడి సాక్ష్యము చాలునా?

ప్రతి సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన జాతీయ విజ్ఞాన దినోత్సవము జరుగుచున్నది. 1928లో ఆ దినముననే సర్ సి. వి. రామన్ తమ పేర వెలసిన కాంతి ఫలితమును ప్రకటించిరి గనుక, 1987 మొదలు దేశమందలి పాఠశాలలన్నియు ఆ దినమును పాటించుచున్నవి. శ్రీకాకుళ విజయనగర మండలములలోను నాడు బడుల వసారాలలో బల్లలు వేయుదురు. ఆ బల్లలపై అట్టతో చేసిన గాలిమరలు, ఎఱ్ఱని నురుగు గ్రక్కు అగ్నిపర్వతములు, రంగులు పూసిన సూర్యకుటుంబములు వెలయును. పిల్లలు కంఠస్థము చేసిన నాలుగు వాక్యములను వచ్చిన ప్రతి యతిథికిని అప్పగింతురు. అతిథులు సంతసింతురు. ఛాయాచిత్రములు తీయుదురు. మరునాటి యుదయమున బల్లలు లోపలికి పోవును, బీరువాకు తాళము పడును.

ఉత్సవము వలదని మేము చెప్పుట లేదు. కాని ఉత్సవ మొక్క దినము. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు చట్టము నిర్ణయించిన పనిదినములు సంవత్సరమునకు 220. మిగిలిన 219 దినముల మాట యేమి? ఆ దినములలో మన పిల్లలు ప్రకృతిశాస్త్రమును తెలుగు వాచకమువలెనే చదువుచున్నారు. ఒకడు లేచి పేరా చదువును, ఉపాధ్యాయుడు ముఖ్యాంశముల క్రింద గీత గీయించును, ప్రశ్నలకు జవాబులు నల్లబల్లపై వ్రాయును, పిల్లలు వానిని నోటుపుస్తకములలోని కెక్కించుకొందురు. పాఠము ముగియును. ఈ విధానమునకు శాస్త్రబోధన యని పేరు పెట్టుట న్యాయమా యని మేము ప్రశ్నించుచున్నాము.

న్యాయస్థానములలో ఒక నియమము కలదు. సాక్షి తాను కంటితో కన్నదానిని, తాను చెవితో విన్నదానిని చెప్పవలెను. ఒకరు చెప్పగా తెలిసిన సంగతి, చట్టము విడిచిన కొద్ది సందర్భములలో తప్ప, సాక్ష్యముగా చెల్లదు. 1872 నాటి సాక్ష్యచట్టములో ఈ నియమముండెను. దాని స్థానమున 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమములోను ఉన్నది. గజము నేల తగవునకైనను వినికిడి సాక్ష్యము పనికిరాదని శాసించు దేశము, తన పిల్లలకు ప్రకృతిని గూర్చి చెప్పుచోట వినికిడి తప్ప వేఱొకటి యీయకున్నది. నీరు 100 డిగ్రీల వద్ద మరుగునని పుస్తకము చెప్పెను, ఉపాధ్యాయుడు చదివెను, బాలుడు వ్రాసికొనెను. ముగ్గురిలో నొక్కరును ఉష్ణమాపకమును మరుగు నీటిలో ముంచి చూడలేదు. ముంచి చూచినచో ఆ గీత సరిగా 100 కడ నిలువకపోవచ్చును. ఏల నిలువలేదు? నీటిలో ఉప్పున్నదా? ఉష్ణమాపకములోనే దోషమున్నదా? మనము చదువుటలో పొరబడితిమా? ఈ ప్రశ్నలు పుట్టిన నిమిషముననే శాస్త్రపాఠము మొదలగును. అంతవరకు జరిగినది చదువు కావచ్చును గాని శాస్త్రము కాదు.

మేము చెప్పదలచిన దింతయే: తన చేతులతో తా నొక సత్యమును కనుగొనని బాలునకు ప్రకృతిశాస్త్రము నేర్పితిమనుట సరికాదు. అట్లు కనుగొను అవకాశమును మాధ్యమిక తరగతులలోని ప్రతి బాలునకును, ప్రతి బాలికకును కల్పించుట దయాధర్మము కాదు. ప్రభుత్వమునకు విధి కావలెను.

ఈ తరగతులనే యేల పట్టుకొంటిరని కొందరడుగవచ్చును. పదునొకండవ యేట నుండి పదునాలుగవ యేటి వరకు పిల్లలకు సహజముగా ప్రశ్నించు బుద్ధి యెక్కువ. గడియారమును విప్పి చూచునది ఆ వయసు. కప్పపిల్లలను సీసాలో పెంచునది ఆ వయసు. అంతకన్న ముఖ్యమైన కారణము వేఱొకటి కలదు. పదవ తరగతి దాటిన పిమ్మట చాలమంది వాణిజ్యమునకో, వృత్తివిద్యలకో, పొలమునకో, వలసపనులకో పోవుదురు. వారికి బడిలో దొరకిన శాస్త్రజ్ఞానమే జీవితమంతటికిని పెట్టుబడి. మందుల చీటీ చదువునప్పుడు, ఎరువు చల్లునప్పుడు, బోరునీరు త్రాగవచ్చునా కూడదా యని తర్కించునప్పుడు, టెలిఫోనులో వచ్చిన వదంతిని నమ్మవలెనా వలదా యని తేల్చుకొనునప్పుడు వారా పెట్టుబడి మీదనే బ్రతుకవలెను. 1976లో 42వ సవరణముచే మన రాజ్యాంగములో చేరిన 51ఏ అధికరణము శాస్త్రీయ దృష్టిని, జిజ్ఞాసను పెంపొందించుకొనుట ప్రతి పౌరుని ప్రాథమిక కర్తవ్యమని చెప్పుచున్నది. కర్తవ్యమును పౌరునిపై మోపిన రాజ్యము దానిని నెరవేర్చుటకు వలసిన శిక్షణను ఈయకున్న నది యెట్టి న్యాయము?

శాస్త్రము మన ప్రాంతమునకు పరాయి వస్తువు కాదు. 1840 ప్రాంతమున విశాఖపట్టణములో గోడే వేంకట జగ్గారావుగారు సొంత ద్రవ్యముతో నక్షత్రశాలను నిర్మించిరి. వారి యల్లుడు అంకితము వేంకట నరసింగరావుగారు దానిని వృద్ధిచేసి, 1868లో సంపూర్ణ సూర్యగ్రహణమును, 1874లో శుక్రగ్రహము సూర్యబింబము మీదుగా సాగిపోవుటను పరిశీలించి, ఆ ఫలితములను లండనులోని రాయల్ ఖగోళ సంఘమునకు పంపిరి. ఆ 1868 గ్రహణమునాడే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ మన గుంటూరులో నిలిచి సూర్యునంచున లేచు జ్వాలలను వర్ణపటమున పరిశీలించెను. హీలియము కథ ఆ గ్రహణముతోనే ఆరంభమగుచున్నది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు సంఘసంస్కరణముతోపాటు జ్యోతిశ్శాస్త్రమును, శరీరశాస్త్రమును తెలుగున వ్రాసిరి. 1906లో వెలసిన విజ్ఞానచంద్రికా మండలి చరిత్ర గ్రంథములతోపాటు రసాయనశాస్త్ర, జీవశాస్త్ర గ్రంథములను సామాన్య పాఠకుని చేతికందించెను. 1910లో మచిలీపట్టణమున కోపల్లె హనుమంతరావుగారు ప్రభృతులు స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాలలో చదువుతోపాటు చేతిపనిని గూడ విద్యగా నెంచిరి. చేయి నేర్వని విద్య సగము విద్యయని ఆ పెద్దలు గ్రహించిరి.

అట్టి నేలమీద, 1980 ఫిబ్రవరి 16వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణచ్ఛాయ తెలుగుదేశము మీదుగా పోయినప్పుడు ఏమి జరిగెను? వీధులు నిర్మానుష్యములయ్యెను. తలుపులు మూసికొని, కిటికీలకు గుడ్డలు కట్టి, మధ్యాహ్నమంతయు జనులు చీకటి గదులలో కూర్చుండిరి. సూర్యుని నేరుగా చూచుట కన్నులకు ముప్పే. ఆ భయమునకు కారణము లేకపోలేదు. కాని అట్టముక్కకు సూదితో బెజ్జము చేసి, దాని నీడను గోడపై పట్టినచో గ్రహణమంతయు నిర్భయముగా చూడవచ్చునని తెలిసిన పిల్లవాడొక్కడు ఇంటనుండిన, ఆ యిల్లంతయు చీకటిలో కూర్చుండనక్కరలేదు. 1868కిని 1980కిని నడుమ నూటపదునొకండు సంవత్సరములు గడచెను. ఆ కాలమున వేలకొలది బడులు వెలసెను, పుస్తకములు అచ్చయ్యెను, పరీక్షలు జరిగెను. సూదిబెజ్జము మాత్రము ఇంటింటికి చేరలేదు. లోపమెక్కడ నున్నదో ఆలోచింపవలదా?

మొదటి లోపము చట్టముననే యున్నది. 2009 నాటి బాలల ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో నున్నది. ఉత్తమమైన చట్టము. బోధన పిల్లలు చేయు పనుల ద్వారా, అన్వేషణము ద్వారా జరుగవలెనని దాని 29వ నిబంధన చెప్పుచున్నది. బడికి కనీసముగా నుండవలసిన వసతులను తెలుపు అనుబంధము ఆ చట్టము చివర కలదు. అందు తరగతి గదులు కలవు, త్రాగునీరు కలదు, మరుగుదొడ్లు కలవు, వంటగది కలదు, ఆటస్థలము కలదు, ప్రహరీగోడ కలదు, గ్రంథాలయము కలదు, ఆటవస్తువులు కలవు. ఆరు మొదలు ఎనిమిది తరగతులకు ప్రకృతిశాస్త్ర గణితములకు కలిపి కనీస మొక యుపాధ్యాయుడు కలడు. ప్రయోగశాల యన్న మాట మాత్రము లేదు. అవసరమును బట్టి తరగతికి బోధనోపకరణములు సమకూర్చవలెనని ఒక్క వాక్యము కలదు. అవసరమేదో నిర్ణయించువా డెవడు? కొలత లేని విధి నెరవేరినదో లేదో తేల్చుట కే న్యాయాధిపతికిని సాధ్యము కాదు. గోడకు చట్టమున స్థానము దొరకినది గాని త్రాసునకు దొరకలేదు!

ఈ లోపమును దిద్దుటకు పార్లమెంటు సమావేశము గూడ అక్కరలేదు. అనుబంధమునకు ప్రమాణములను చేర్చుటకో, తీసివేయుటకో కేంద్ర ప్రభుత్వమునకు ప్రకటన ద్వారా అధికారమిచ్చుచు 20వ నిబంధన స్పష్టముగా నున్నది. ఒక్క ప్రకటన చాలును. ఆ ప్రకటన నడుగుట కిన్ని సంవత్సరములుగా మన ప్రతినిధులకు తోచకపోవుట విచారకరము.

రెండవ లోపము పరీక్షలో నున్నది. పరీక్ష యేది యడుగునో బడి యదియే నేర్పును. ఇందుకు ఉపాధ్యాయుని నిందించి లాభము లేదు. కాంతి పరావర్తన నియమములను వ్రాయుమని ప్రశ్నపత్ర మడుగుచున్నంత కాలము, అద్దమును చేతికిచ్చి కొలువుమను నుపాధ్యాయుడు పిల్లలకు అన్యాయము చేసినవాడుగా నెంచబడును. 1993లో ఆచార్య యశ్‌పాల్ అధ్యక్షతన గల సంఘము పిల్లలకు పుస్తకపు బరువుకన్న అర్థముకాని చదువు బరువెక్కువ యని ప్రభుత్వమునకు నివేదించెను. అది జరిగి మూడు దశాబ్దములు దాటినది. సంచి బరువును గూర్చి ఉత్తర్వులు వచ్చినవి గాని ప్రశ్నపత్రము స్వభావము మారలేదు.

మూడవది భయము. మే మెఱిగిన యొక బడిలో సూక్ష్మదర్శిని కలదు. కొన్ననాటి గుడ్డలోనే యున్నది. వస్తుపట్టికలో దాని కెదురుగా ఏటేట “బాగున్నది” యని వ్రాయుచున్నారు. పగిలిన గాజునాళికకు సంజాయిషీ చెప్పుకొనవలసివచ్చునని ఉపాధ్యాయుని భయము. వాడని పరికరమున కెవ్వరును సంజాయిషీ యడుగరు. ఈ లెక్క తలక్రిందుగా నున్నది. ప్రయోగములు జరుగు బడిలో గాజు పగులును. సంవత్సరమంతయు ఒక్క గాజుముక్కయు పగులని బడిని తనిఖీ అధికారి మెచ్చుకొనరాదు, కారణ మడుగవలెను.

ఇటీవల వేఱొక మార్గము చూపబడినది. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వము ఎనిమిదవ తరగతి పిల్లలకు టాబ్లెట్లు పంచెను. తరువాత తరగతి గదులలో పెద్ద తెరలు వెలసినవి. తెరమీద ప్రయోగము చక్కగా కనబడును. కాని తెరమీది ప్రయోగ మెన్నడును తప్పిపోదు. వత్తి ఆరిపోదు, లెక్క తేడా రాదు, బాలుని చేయి కాలదు. తప్పుటకు వీలులేని ప్రయోగమున కనుగొనవలసిన దేమియు నుండదు. అదియు వినికిడి సాక్ష్యమే. రంగులు మాత్రము హెచ్చు.

ఇక భాష. శాస్త్రబోధనకు భాషతో నేమి పనియని కొందరందురు. ఈ సంగతి మన జిల్లాకు తెలిసినంతగా వేఱొక జిల్లాకు తెలియదు. శ్రీముఖలింగము చేరువనున్న పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండి, పిల్లలకు తెలిసిన మాటను విడిచి తెలియని మాటలో పాఠము చెప్పుట వ్యర్థమని జీవితాంతము వాదించిరి. విజయనగరమున గురజాడ అప్పారావుగారు ఆ వాదమునకు బలమిచ్చిరి. ఈ సంపాదకీయము గ్రాంథికచ్ఛాయలో నుండవచ్చును, పెద్దలు చదువుకొందురు. పండ్రెండేండ్ల పిల్లవాని శాస్త్రపాఠ మట్లుండరాదు. తడిబట్ట ఆరుటను, చెఱువు ఎండుటను, కూర ఇగురుటను ఎఱిగిన బాలునకు మొదటి వాక్యముననే “బాష్పీభవనము” అని చెప్పిన, వాడు తానెఱిగినదియు మరచును. ముందు ఇగురుట యేమో చూపి, వాని నోట వివరింపజేసి, ఆపైన శాస్త్రనామమును చెప్పవలెను.

2019 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వము ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్లమాధ్యమమును తప్పనిసరి చేయుచు ఉత్తర్వు నిచ్చెను. 2020 ఏప్రిల్‌లో రాష్ట్ర ఉన్నత న్యాయస్థానము దానిని కొట్టివేసెను. ఆ పిమ్మట ఒకవైపు తెలుగును, ఒకవైపు ఆంగ్లమును గల ద్విభాషా పుస్తకములు వచ్చినవి. ఆంగ్లము నేర్పవలదని మేమనము. పేదవాని బిడ్డకు ఆంగ్లము రావలెననుట ధర్మమే. కాని ప్రయోగము చేయునప్పుడు పిల్లవాడు ఏ భాషలో ఆశ్చర్యపడునో ఆ భాషలోనే వానిని ప్రశ్నింపనిండు. సీతంపేట కొండలలోని సవర పిల్లలకు సవరయే ఆ భాష. గిడుగువారు దానిని నేర్చి, దానిలో పుస్తకములు వ్రాసి, బడులు నడపిన చరిత్ర మన కున్నది. చిన్న తరగతులకు సవరలో వాచకములు వెలువడినవి. ఆరవ తరగతికి వచ్చునప్పటికి ఆ బాలుడు రెండు పరాయిభాషల నడుమ నిలిచియుండును.

పరికరములకు ధనము లేదనువారికి మా సమాధానము వినుడు. ఈ రెండు జిల్లాలలో ప్రకృతియు, చేతిపనులును కలిసి తెఱచిన ప్రయోగశాల కలదు. నౌపడ యుప్పుమడులలో సముద్రపునీటిని ఒక మడి నుండి వేఱొక మడికి త్రిప్పి ఎండబెట్టి ఉప్పు తీయుచున్నారు. లీటరు సముద్రపునీటిలో సుమారు 35 గ్రాముల లవణములుండునని పుస్తకము చెప్పును. ఒక సీసా నీరు తెచ్చి, పళ్ళెములో పోసి ఎండబెట్టి, మిగిలినదానిని తూచిన, పుస్తకము నిజము చెప్పినదో లేదో బాలుడే తేల్చును. 1930లో దేశమంతయు చట్టమును ధిక్కరించి చేసిన పని యిది. నేడు చేయుటకు శిక్షయు లేదు, ఖర్చును లేదు.

బుడితి గ్రామమున ఇత్తడి కంచు పాత్రలు పోత పోయుదురు. ఒక చెంబును గాలిలో నొకసారి, నీట ముంచి యొకసారి తూచిన ఆ లోహము సాంద్రత తెలియును. కొన్న వస్తువు మేలైనదో కాదో తెలియును. తూకము తెలిసిన గృహిణిని దుకాణదారుడు మోసగింపలేడు. పొందూరులో గాంధీ మహాత్ముని దృష్టి నాకర్షించిన సన్న ఖద్దరు నేయుటకు ముందు వాలుగచేప దవడ యెముకతో పత్తిని దువ్వుదురు. ఆ దవడను భూతద్దము క్రింద నుంచిన పిల్లలు ఒక గంట కదలరు: పళ్ళ వరుస యెట్లున్నది, దువ్వెన దానికన్న నేల ముతక? బొబ్బిలి వీణకు పుట్టిల్లయిన గొల్లపల్లిలో ఒక్క పనసదుంగనే తొలిచి వీణ చేయుదురు. తంత్రి పొడవు సరిగా సగమైన చోట నొక్కి మీటిన పై స్థాయి షడ్జము పలుకును. స్కేలుతో కొలిచిన ఏడవ తరగతి బాలిక ధ్వనిశాస్త్రమున మొదటి నియమమును తనంతట తాను పట్టుకొనును.

అరసవల్లి క్షేత్రమును చూడుడు. ఏటేట మార్చి రెండవ వారమునకు దగ్గరగాను, అక్టోబరు మొదటి దినములలోను ఉదయభానుని కిరణములు స్వామి పాదములను తాకును. వేలమంది దర్శించుకొందురు. ఈ రెండు కాలములే యేల? డిసెంబరు 21, 22 తేదీలలో సూర్యుడు దక్షిణమున చిట్టచివరి యెల్ల చేరును. ఆ దినమునుండి వెనుకకు సుమారు 80 దినములు లెక్కించిన అక్టోబరు తొలిదినములు వచ్చును; ముందునకు సుమారు 80 దినములు లెక్కించిన మార్చి రెండవ వారము వచ్చును. పోవునప్పుడు ఏ దిక్కున ఉదయించెనో, తిరిగి వచ్చునప్పుడు సూర్యుడు ఆ దిక్కుననే యుదయించును. బడి గోడపై ఉదయపు నీడను వారమునకొకసారి గుర్తించిన పిల్లలు ఈ సంగతిని ఒక సంవత్సరములో తామే కనుగొనగలరు. భక్తి కిందు వలన భంగము లేదు. ఆ యాలయమును కట్టిన శిల్పుల మేధస్సునకు నమస్కరించుటకు రెండవ కారణము దొరకును. అట్లే మే రెండవ వారమునను, జూలై చివరి దినములలోను మన ప్రాంతమున మిట్టమధ్యాహ్నము నిలువుకఱ్ఱకు నీడ యుండదు. మేలో బడులకు సెలవులు, జూలైలో మబ్బులు. అయినను నాలుగైదు దినములు కాచుకొనియుండిన సూర్యుడు కరుణింపకపోడు. కాచుకొనియుండుట గూడ శాస్త్రజ్ఞుని విద్యయే.

ఇంతవరకు చెప్పినది ఆనందమునకును జ్ఞానమునకును సంబంధించినది. ఇక ప్రాణములకు సంబంధించిన సంగతి చెప్పవలసి యున్నది. జీడిమామిడి, కొబ్బరి తోటలతో పచ్చగా నుండు ఉద్దానమున, కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, పలాస మొదలగు మండలములలో, మూత్రపిండముల వ్యాధి యేండ్ల తరబడి కుటుంబములను కూల్చుచున్నది. 2023 డిసెంబరులో పలాసలో పరిశోధనకేంద్రము, 200 పడకల యాసుపత్రి ప్రారంభమైనవి. వంశధార జలములను శుద్ధిచేసి గొట్టముల ద్వారా తెచ్చు పథకము వచ్చినది. వ్యాధికి మూలకారణము మాత్రము నిస్సంశయముగా తేలలేదు. నీటిలోని పదార్థములా, ఎండలో నీరు త్రాగక చేయు కష్టమా, పురుగుమందులా, నొప్పిమాత్రలా, వంశలక్షణమా, ఇవన్నియు కలిసియా యని పరిశోధకులు తర్కించుచున్నారు. శ్రీలంకలోను, మధ్య అమెరికాలోను ఇట్టి వ్యాధియే కూలిజనమును పీడించుచున్నది.

ఆ యూళ్ళలో క్రియాటినిన్ అన్న మాట చదువురాని ముసలమ్మకు గూడ తెలియును. ఆ యింటి పిల్లవాడు బడికి పోయి మూత్రపిండమును పటముగా గీచి, భాగములకు పేర్లు వ్రాసి, మార్కులు తెచ్చుకొనును. ఈ రెండు చదువులును కలియుటలేదు. బడిలో నీటిని వడకట్టి చూడలేదు. రెండు బావుల నీటిని పోల్చి చూడలేదు. ఒక మాట రుజువైనదా, ఊహ మాత్రమా యని విడదీయుట నేర్వలేదు. కారణము తెలియని చోట వదంతులు, గ్యారంటీ వైద్యములు, పొడులు, తైలములు వచ్చి చేరును. “ఇంకను తేలలేదు” అన్న మాటను ఓర్చుకొని, పరీక్షకు రక్తమిచ్చి, లెక్కలు వ్రాసి, సత్యము తేలువఱకు నిలువగల ప్రజలు కావలెను. అట్టి ప్రజలను ఆసుపత్రి తయారుచేయలేదు. ఎనిమిదవ తరగతి తయారుచేయవలెను.

ఇవన్నియు ఆదర్శములు, సర్కారు బడిలో సాగవందురా? మధ్యప్రదేశమున సాగినది. నేడు నర్మదాపురమని పేరు మార్చుకొన్న హోషంగాబాదు జిల్లాలో 1972లో పదునారు మాధ్యమిక పాఠశాలలలో రెండు స్వచ్ఛంద సంస్థలు ఒక ప్రయత్నము నారంభించినవి. ప్రయోగము చేయనిదే పాఠము లేదు. చవుకైన పరికరముల పెట్టె ప్రతి బడికిని. పుస్తకము తెఱచి చూచుకొని వ్రాయు పరీక్ష, దానితోపాటు చేసి చూపు పరీక్ష. విశ్వవిద్యాలయముల ఆచార్యులు సెలవులలో వచ్చి గ్రామోపాధ్యాయులతో కూర్చుండి పాఠములు దిద్దిరి. 1978 నాటికి ఆ పద్ధతి జిల్లా యంతటికిని వ్యాపించెను. వచ్చినవి రాజధాని బడులు కావు, మామూలు పల్లెటూరి సర్కారు బడులే. 2002లో రాష్ట్ర ప్రభుత్వమే దానిని నిలిపివేసెను. ముప్పది సంవత్సరములు నడచినదానిని నడువదని యెవ్వరును చెప్పజాలరు. ప్రభుత్వము చేయివిడిచిన మంచిపని నిలువదన్న పాఠమును మాత్రము నేర్వవచ్చును.

సిలబసు పూర్తికాదని ఉపాధ్యాయులు చెప్పుదురు. నిజమే. అందుచేతనే సిలబసు తగ్గవలెనని మేము కోరుచున్నాము. ఇరువది పాఠములు విని మరచుటకన్న పది పాఠములు చేసి నిలుపుకొనుట మేలు. ఉపాధ్యాయుని మీద మధ్యాహ్నభోజనపు లెక్కలు, ఛాయాచిత్రముల యాపులు, హాజరు పట్టికలు, ఎన్నికల విధులు మోపి, ఆపైన ప్రయోగములు చేయుమనుట ధర్మము కాదు. ఆ భారమును దింపుటయు ఈ కోరికలో భాగమే.

మేము కోరునవి నాలుగు. మొదటిది, కేంద్ర ప్రభుత్వము 20వ నిబంధన క్రింద ప్రకటన చేసి, ఆరు మొదలు ఎనిమిది తరగతులు గల ప్రతి బడికిని ఒక ప్రయోగపు గదిని, కనీస పరికరముల జాబితాను అనుబంధమున చేర్చవలెను. రెండవది, రాష్ట్ర ప్రభుత్వము వారమునకు రెండు గంటలు ప్రయోగములకే కేటాయించి, ప్రకృతిశాస్త్రపు మార్కులలో మూడవవంతు చేసి చూపుదానికి ఈయవలెను. మూడవది, ప్రయోగమున పగిలినదానిని మామూలు ఖర్చుగా వ్రాయు అధికారమును ప్రధానోపాధ్యాయునకీయవలెను. నాలుగవది, ఉప్పు, లోహము, నూలు, వీణ, నీరు, సూర్యగతి మొదలగు స్థానిక విషయములపై శ్రీకాకుళ, విజయనగర, పార్వతీపురం మన్యం జిల్లాల యుపాధ్యాయులచే ఒక చిన్న పుస్తకము వ్రాయించి, తెలుగునను, సవరయందును అచ్చువేయించవలెను.

ప్రభుత్వమునకు విన్నపములు వ్రాసి చేతులు కట్టుకొని కూర్చుండుట మన సంప్రదాయము కాదు. పఠనమందిరములలో ఈ పత్రికను చదువుచున్న పెద్దలలో విశ్రాంత ఉపాధ్యాయులు కలరు, ఇంజనీర్లు కలరు, వైద్యులు కలరు, కంసాలి పని యెఱిగినవారు, రైతులు కలరు. వారి యిండ్లలో వాడని త్రాసులు, కటకములు, ఉష్ణమాపకములు కలవు. జన విజ్ఞాన వేదికవంటి సంస్థలు 1988 నుండి పల్లెలలో ఈ పనికి దారి చూపినవి. ప్రతి గ్రంథాలయమును నెలకొక్క ఆదివారము ఒక బల్లను పిల్లల కీయలేదా? తహసీలు కచేరీ గుమాస్తా యొక యుదయము పిల్లలకు వర్షమాపకము చూపలేడా? ఒక వైద్యుడు సూక్ష్మదర్శిని తెచ్చి చెఱువునీటి బిందువు చూపలేడా?

స్వరాజ్యమన నెవ్వరో చెప్పినదానికి తలయూపుట కాదని మన పెద్దలు మనకు నేర్పిరి. ప్రకృతి విషయమునను అదియే స్వరాజ్యము. రాబోవు జూన్‌లో బడులు తెఱచునప్పుడు మీ పిల్లవాని నొక్క ప్రశ్న యడుగుడు: “ఈ సంవత్సరము నీవు స్వయముగా ఏమి కనుగొంటివి?” జవాబు రాకున్న వానిని దండింపకుడు. ఆ ప్రశ్ననే తీసికొనిపోయి ప్రధానోపాధ్యాయుని, ఆపైన విద్యాధికారిని, ఆపైన మీ వోటు పొందిన శాసనసభ్యుని అడుగుడు. జవాబు వచ్చువఱకు అడుగుచునే యుండుడు.